గుమ్మం దగ్గర బకెట్

ఏప్రిల్ 8, మంగళవారం, జర్మనీలోని ఎష్‌బోర్న్

ఫారంలో కొత్త బ్యాచ్ దిగే ముందురోజు నాకు అన్నం సహించేది కాదు. ఈరోజూ అంతే. ఐదేసి వేల పిల్లల్ని దించుకున్నవాడిని, పది పిల్లల కోసం ఇంత కంగారేమిటో!

రేపు వస్తాయి. పార్సిల్లో. కోడిపిల్లలు పార్సిల్లో రావడమేమిటని మొదట నవ్వాను. అల్లుడు శశికాంత్ ఫోనులో చూపించాడు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునే అట్టపెట్టెలో సర్ది, జంతువుల్ని చేరవేసే కొరియర్‌కి ఇచ్చేస్తారట. మర్నాటి మధ్యాహ్నానికి మన గుమ్మంలో ఉంటాయట. పది పిల్లలకి కూడా పశువుల ఆఫీసులో నమోదు ఉండాలట. అదీ చేశాడు. ఈ దేశంలో కోడికి కూడా కాగితాలు కావాలి.

ఎల్లుండికి మనవరాలు ఈషాకి ఐదేళ్ళు నిండుతాయి. కీటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బళ్ళో, టీచర్లు గుడ్లు పొదిగించి చూపించినప్పటినుంచీ కోడిపిల్లలు కావాలని ఒకటే పాట. నేను చూసుకుంటానని మాటిచ్చాను. మా అమ్మాయి భావన ససేమిరా అంది. తనకిప్పుడు ఎనిమిదో నెల. నాలుగు రోజులు బతిమాలాక ఒప్పుకుని, వేళ్ళు మడిచి మరీ చెప్పింది.

"నాన్నా, మూడు రూల్స్. ఒకటి, అవి గార్డెన్‌లో షెడ్ దాటి రాకూడదు. రెండు, ఈషా జాలీ బయటినుంచి చూడ్డమే, ముట్టుకోకూడదు. మూడు, నువ్వు లోపలికొచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నాకిప్పుడు ఏ ఇన్ఫెక్షన్ వచ్చినా డేంజర్, తెలుసు కదా?"

సరేనమ్మా అన్నాను. తణుకు పక్కన ఇరవై ఎనిమిదేళ్ళు కోళ్ళఫారం నడిపినవాడికి చెప్పే మాటలా ఇవి!

మా ఆవిడ మంగతాయారు ఉంటే పురుడు పోయడానికి తనే వచ్చేది. తను పోయి రెండేళ్ళయింది కాబట్టి నేనొచ్చాను. వంట రాదు, భాష రాదు, ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో తెలియదు. నాకు వచ్చిన పనులు రెండే. కోడిపిల్లని బతికించడం, మనవరాలికి ముద్దలు కలిపి పెట్టడం.

ఏప్రిల్ 9, బుధవారం

రాలేదు.

ఏడుసార్లు గుమ్మంలోకి వెళ్ళి చూశాను. సాయంత్రం శశికాంత్ ఫోన్ చేస్తే, బండి చెడిపోయి పెట్టె ఏదో గోడౌన్‌లో ఉండిపోయిందన్నారట. పుట్టిన పిల్లకి పొట్టలో పచ్చసొన ఉంటుంది, రెండు మూడు రోజులు తిండి లేకపోయినా లాగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ గోడౌన్‌లో చలి ఎంతో నాకు తెలియదు.

"ఏం కాదులెండి మావయ్య గారూ" అన్నాడు. తనకేం తెలుసు పాపం, కంప్యూటర్ల మనిషి.

ఏప్రిల్ 10, గురువారం

ఈషా పుట్టినరోజు. ఒంటిగంటకి పెట్టె వచ్చింది.

మూత తియ్యకముందే అరుపు విన్నాను. హాయిగా ఉన్న పిల్ల అరుపు వేరు, చలికి అల్లాడిన పిల్ల అరుపు వేరు. అడుగున వేసిన చెక్కపొట్టు తడిసి ముద్దయింది. పిల్లలన్నీ ఒంటికి రెట్ట పూసుకుని ఒక మూలకి కుప్పపడి ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది చచ్చిపోయింది. ఈషా చూసేలోగా దాన్ని లాల్చీ జేబులో వేసుకున్నాను. తొమ్మిది వచ్చాయని చెప్పాను. పదిలో ఒకటి పోవడం ఫారం లెక్కన చాలా ఎక్కువ, కానీ ప్రయాణం దెబ్బ అది.

బెల్లం నీళ్ళు కలిపి ఒక్కోదాని ముక్కూ ముంచాను. వెనక రెట్ట అంటుకుపోయినవాటిని గోరువెచ్చని నీళ్ళతో తుడిచాను. మొదటి మూడు రోజులు కింద కాగితం పరిచి, దాని మీద నూక చల్లాలి. ఈ ఇంట్లో న్యూస్‌పేపర్ కొనరు. పెట్టెలోనే జర్మన్‌లో రాసిన దళసరి కాగితం ఒకటి వచ్చింది. దాన్నీ, ఈషా బొమ్మలేసిన కాగితాలనీ పరిచాను.

"తాతా, ఒక్కసారి! ఐన్‌మాల్! బిట్టె!" అని జాలీ పట్టుకుని గెంతింది. పుట్టినరోజు పిల్ల. కాదంటే ఏడుపు. భావన లోపల పడుకుని ఉంది. ఒక్కటంటే ఒక్కటి చేతిలో పెట్టాను. బుగ్గకి ఆనించుకుంది. ముద్దు పెట్టుకుంది. మంగతాయారూ, ఆ మొహం నువ్వు చూడాల్సింది.

దాని చెయ్యి కడిగించాను. షెడ్ దగ్గరున్న నీళ్ళతో.

సాయంత్రం కేకు ముట్టలేదు. "తాత పెడితే తింటా" అంది. పెరుగన్నం కలిపి పదకొండు ముద్దలు పెట్టాను. "నాన్న చేత్తో పెడితే చాలు, గిన్నె ఖాళీ" అని భావన నవ్వింది. ఈ ఇంటికొచ్చి నెలైంది, ఈరోజే పనికొచ్చాననిపించింది.

పిల్లలు తొమ్మిది. అన్నీ బాగున్నాయి.

ఏప్రిల్ 11, శుక్రవారం

పిల్లలు తొమ్మిది. ఈషా ఒక్క నిమిషమే పట్టుకుంది.

ఏప్రిల్ 12, శనివారం

పిల్లలు తొమ్మిది. ఒక్క నిమిషమే. ఒకదానికి పేరు కూడా పెట్టింది, లడ్డు. భావనకి తెలియదు. తెలియాల్సినంత సంగతి కాదు.

ఏప్రిల్ 13, ఆదివారం

కాగితాలు మార్చాను. ఆ దళసరి కాగితం రెట్ట కింద బొమ్మలు కనిపిస్తే తుడిచి చూశాను. ఒక బొమ్మలో పాప కోడిపిల్లని బుగ్గకి ఆనించుకుని ఉంది. దాని మీద ఎర్రగా అడ్డంగా గీత. పక్క బొమ్మలో నిండు పొట్టతో ఆడమనిషి. దాని మీదా గీత. కింద కుళాయి, సబ్బు, రెండు చేతులు. మాటలు ఒక్కటీ తెలియలేదు కానీ మధ్యలో 5 అంకె ఉంది.

ఐదేళ్ళలోపు పిల్లలు ముట్టుకోకూడదని కాబోలు. ఈషాకి గురువారమే ఐదు నిండాయి. మరి సరిపోయింది కదా.

ఇక్కడ ప్లాస్టిక్ సంచీ మీద కూడా హెచ్చరిక రాస్తారు. కాగితం పారేద్దామంటే ఏ డబ్బాలో వెయ్యాలో తోచలేదు. మడిచి ఈ డైరీలోనే పెట్టాను. వాసన వస్తోంది.

భావనకి చూపించలేదు. ఈ స్థితిలో అనవసరంగా కంగారు పెట్టడమెందుకు?

పిల్లలు తొమ్మిది.

ఏప్రిల్ 15, మంగళవారం

మధ్యాహ్నం ఈషాకి వాంతి అయింది. నిన్న కీటాలో ఏదో పిల్ల పుట్టినరోజని ఐస్‌క్రీమ్ పెట్టారట. అదే.

ఏప్రిల్ 16, బుధవారం

జ్వరం. విరేచనాలు. పొద్దుటినుంచి తొమ్మిదిసార్లు. పెరుగులో మెంతులు వేసి మింగించబోతే కక్కేసింది. పుట్టినరోజు ఫొటోలు భావన వాట్సాప్‌లో పెట్టింది, అందరూ ఎంత ముద్దుగా ఉందో అన్నారు, దిష్టి తగిలి ఉంటుందని ఉప్పు తీసి పడేశాను. మందు దిష్టికి కాదు, ఐస్‌క్రీమ్‌కి కావాలి. రెండూ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

భావన ఆ పొట్టతో నేల మీద మోకాళ్ళేసి కూర్చుని తుడుస్తోంది. నేను తుడుస్తానంటే "నువ్వుండు నాన్నా, నీకు నడుంనొప్పి" అంటోంది. అక్కడ నిలబడలేక షెడ్‌లోకి పోయాను.

ఏప్రిల్ 17, గురువారం

పిల్లల డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. రేపటినుంచి నాలుగు రోజులు ఈస్టర్ సెలవులు, అన్నీ మూసేస్తారు, ఈరోజే వెళ్ళాలని భావన పట్టుబట్టింది. నేనూ వెళ్ళాను. ఈషా నా ఒళ్ళో సొమ్మసిల్లినట్టు పడుకుంది.

డాక్టరమ్మ చాలా అడిగింది. భావన జవాబులు చెప్పింది. ఒకచోట ఆగి నా వైపు తిరిగింది.

"ఇంట్లో జంతువులేవైనా ఉన్నాయా అంటోంది నాన్నా. కోడిపిల్లలున్నాయి, ఈషా దూరంనుంచి చూడ్డమే అని చెప్పాను. ముట్టుకోలేదు కదా?"

డాక్టరమ్మ కూడా నా మొహంలోకే చూస్తోంది. ఈషా కళ్ళు మూసుకునే ఉంది.

"లేదమ్మా" అన్నాను.

డాక్టరమ్మ ఏదో టైప్ చేసింది. కీటాల్లో వైరస్ తిరుగుతోందట, నీళ్ళు బాగా పట్టమంది, మరీ ఎక్కువైతే ఆసుపత్రికి వెళ్ళమంది.

వైరస్ అంది కదా. చదువుకున్న మనిషి. తనే అంది.

పిల్లలు ఎనిమిది. లడ్డు పోయింది. తోటలో గోరింట పొద లాంటి మొక్క కింద పాతాను. ఈషా అడిగితే నిద్రపోతోందని చెప్పాలి.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఊరంతా మూతపడింది. ఒక్క బండి చప్పుడు లేదు.

నేను రోజూ వాటిని ముట్టుకుంటున్నాను. నాకు ఏమీ కాలేదు. కోళ్ళవల్ల అయితే ముందు నాకే రావాలి కదా? ఇరవై ఎనిమిదేళ్ళు ఈ చేతులతో లక్షల పిల్లల్ని ఎత్తాను. ఈ చేతులతోనే భావనకి అన్నం పెట్టాను. దానికి ఒక్కరోజు కడుపునొప్పి రాలేదు. నా చెయ్యి మంచిదని ఊరంతా అనేవారు.

నాకు ఏమీ కాలేదు.

ఏప్రిల్ 19, శనివారం

ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను. ఈ డైరీ చేతిలో ఎందుకుందో చివర్లో రాస్తాను.

పొద్దున్న ఎనిమిదింటికి ఈషాకి విరేచనంలో రక్తం పడింది. పెదవులు ఎండి తెల్లగా అయిపోయాయి. పిలిస్తే పలకడం లేదు. భావన దాన్ని ఎత్తబోయి, పొట్ట పట్టుకుని గోడకి ఆనుకుంది. "ఏమీ లేదు, కొంచెం పట్టేసింది" అంది. కానీ భావన నుదుటి మీద చెమట చూశాను.

శశికాంత్ కారు తీస్తానని పరిగెత్తాడు. నేను, సిగ్గులేనివాడిని, షెడ్‌లోకి పరిగెత్తాను. పిల్లలకి నీళ్ళు పెట్టలేదని గుర్తొచ్చింది! నీళ్ళు పోసి, తువ్వాలుకి చేతులు తుడుచుకుని, ఇంటి తలుపు తియ్యబోతూ ఆగిపోయాను. ఎందుకంటే చెయ్యి దానంతటదే కిందికి, గుమ్మం పక్కకి వెళ్ళింది. అక్కడేమీ లేదు.

తణుకులో అక్కడ బకెట్ ఉండేది. పచ్చ బకెట్, పక్కన ఎర్ర సబ్బుముక్క, మేకుకి తుండుగుడ్డ. ఫారం నుంచి వచ్చిన మనిషిని మంగతాయారు గడప దాటనిచ్చేది కాదు. మోచేతులదాకా రుద్దించి, కాళ్ళు కడిగించి, చొక్కా బయటే విప్పించేది. నేను విసుక్కునేవాణ్ణి. "నీ మడి తగలెయ్యా, నేను కోళ్ళు పెంచుతున్నాను గానీ శవాలు మోసుకు రావడం లేదు" అని పదిమందిలో ఎగతాళి చేసేవాణ్ణి. ఎంగిలి, మైల అని ప్రాణం తీస్తోందని చుట్టాలకి చెప్పుకుని నవ్వాను. తను ఒక్కనాడూ వాదించలేదు. బకెట్ మాత్రం తియ్యలేదు. జ్వరంతో పడుకున్న రోజున కూడా లేచి నీళ్ళు నింపి పెట్టింది.

భావనకి కడుపునొప్పి రాకపోవడం నా చేతి చలవ అనుకున్నాను, ఇరవై ఎనిమిదేళ్ళూ. అది ఆ బకెట్ చలవ.

లోపలికి వచ్చి ఈ డైరీలోంచి ఆ కాగితం తీసి భావన ముందు పెట్టాను. అది చదువుతుంటేనే చెప్పేశాను. రోజూ ఎత్తుకుందని, ముద్దు పెట్టుకుందని, నేను చేతులు సరిగ్గా కడక్కుండానే అన్నం కలిపానని. ఒక పిల్ల దారిలోనే చచ్చిందని, లడ్డు కూడా పోయిందని.

తను కాగితం మీంచి తలెత్తలేదు.

"ఇది ఎప్పుడు చూశావు?"

"ఆదివారం."

"మరి గురువారం డాక్టర్ ముందు అడిగాను కదా నాన్నా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఈషాకి మేజోళ్ళు తొడుగుతోంది, ఒక్కటి ఎంతకీ ఎక్కడం లేదు. శశికాంత్ లోపలికొచ్చి, విని, నా చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. "కడుక్కోండి మావయ్య గారూ. తర్వాత కారెక్కండి. అక్కడ ఈ మాట మీరే చెప్పాలి, నేను జర్మన్‌లో చెప్తాను" అన్నాడు. అందుకే డైరీ కూడా వచ్చింది. ఏ రోజు ఏం జరిగిందో తారీఖులు ఇందులో ఉన్నాయి.

ఆసుపత్రి డాక్టరు కుర్రవాడే. నేను చదివి చెప్తుంటే శశికాంత్ అతనికి చెప్పాడు. "ఒక్క నిమిషమే" అని రాసినచోట నేను ఆగాను. ఆ తర్వాత, నిమిషం కాదు, పావుగంట అని చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. సూది గుచ్చి సెలైన్ పెట్టించాడు, రక్తం తీయించాడు, విరేచనం పరీక్షకి పంపించాడు. భావనని ఇంక ఏదీ తుడవద్దని చెప్పి, మరో వార్డులో చూపించుకోమని పంపేశాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. శశికాంత్ దాన్ని నాకు తెలుగులో చెప్పాడు.

"గురువారమే తెలిసి ఉంటే, గురువారమే టెస్ట్‌కి పంపేవాళ్ళట."

ఏప్రిల్ 20, ఆదివారం

జ్వరం దిగలేదు. గదిలోకి ఒక్కరినే రానిస్తున్నారు, శశికాంత్ ఉన్నాడు. నేను వరండాలో. భావనకి నొప్పి తగ్గింది, బిడ్డ గుండె చప్పుడు బాగుందట. ఆ మాట ఐదుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

సాల్మొనెల్లా. పేరు ఇంతకుముందు విన్నాను. ఫారానికొచ్చే పశువుల డాక్టరు చెప్పేవాడు, నేను తలూపేవాణ్ణి.

ఏప్రిల్ 22, మంగళవారం

జ్వరం దిగింది. ఈషా నీళ్ళడిగింది. వరండాలో నిలబడి అద్దంలోంచి చూసి ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

ఏప్రిల్ 25, శుక్రవారం

ఈషా ఇంటికి వచ్చింది. సగం అయిపోయింది. మొదటి మాట "లడ్డు ఎక్కడ?" నిద్రపోతోందని చెప్పాలని అనుకున్నది గుర్తొచ్చింది. చెప్పలేదు. చచ్చిపోయిందమ్మా, మొక్క కింద పాతిపెట్టాను అన్నాను. ఏడ్చింది.

మిగిలిన ఎనిమిదింటినీ శశికాంత్ పశువుల ఆఫీసుకి చెప్పి, వాళ్ళు చూపించిన మనిషికి జబ్బు సంగతీ చెప్పి అప్పగించాడు. షెడ్ కడిగించాను. నేనే కడిగాను, తొడుగులు వేసుకుని.

ఆరోగ్యశాఖ వాళ్ళు ఇంట్లో అందరి మలం నమూనాలూ పరీక్షకి తీసుకున్నారు. చెంచాతో తింటోంది ఈషా. రెండు తిని పక్కకి తోసేస్తోంది. నా వైపు చూస్తోంది. నేను గదిలోకి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 30, బుధవారం

ఫలితాలు వచ్చాయి. భావనకి లేదు. శశికాంత్‌కి లేదు.

నాకు ఉంది.

ఒక్కరోజు కూడా కడుపునొప్పి రాలేదు, కానీ నా లోపల ఉంది. ఇన్నాళ్ళూ నాకేమీ కాలేదు, నాకేమీ కాలేదు అని రాసుకుంటూ కూర్చున్నాను.

మే 3, శనివారం

వరసగా మూడు పరీక్షల్లో లేదని తేలేదాకా నా కంచం వేరు, నా బాత్రూమ్ వేరు. నేనే పెట్టుకున్నాను ఈ రూలు, భావన అడగలేదు. భావన నాతో మాట్లాడుతోంది. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతవరకే.

మే 11, ఆదివారం

మగపిల్లాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఫొటోలో చూశాను.

మే 14, బుధవారం

ఇంటికి తెచ్చారు. గుమ్మం అవతలినుంచి చూశాను. వీడి కోసమే ఇంత దూరం వచ్చాను. శశికాంత్ దగ్గరికి రమ్మన్నాడు. మూడో పరీక్ష ఫలితం రానీ బాబూ అన్నాను.

మే 16, శుక్రవారం

పదకొండింటికి శశికాంత్ ఫోను చూసి, "మావయ్య గారూ, క్లియర్! నెగెటివ్!" అని అరిచాడు. వరసగా మూడు. నేను మంచం మీదనుంచి లేవలేదు. లేచి ఏం చెయ్యాలో తోచలేదు.

కాసేపటికి భావన వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో గోళ్ళు తీసే కత్తెర.

"చెయ్యి ఇయ్యి" అంది.

ఎడం చెయ్యి ఇచ్చాను. చిటికెన వేలినుంచి మొదలుపెట్టింది. వంగి, ఒక్కో గోరూ చర్మం దాకా తీసింది. గోటి కింద మట్టి ఉంటే పుల్లతో గీకింది. కుడి చేతికి వచ్చాక, తల ఎత్తకుండానే అంది.

"అమ్మ నీకు ఇలాగే తీసేది కదా. వారం వారం. నేను మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని."

"నేను విసుక్కునేవాణ్ణి."

"అదీ చూశాను."

శుక్రవారం పూట ఇంట్లో గోళ్ళు తియ్యకూడదని చిన్నప్పుడు దాని వీపు మీద రెండు వేసింది నేనే. అది దానికి గుర్తుందో లేదో. నేను గుర్తు చెయ్యలేదు.

పది వేళ్ళూ అయ్యాక లేచి, నన్ను బయటి తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. గడప పక్కన నీలం బకెట్ ఉంది. నిండా నీళ్ళు. మూత మీద సబ్బు. ఎప్పుడు కొందో, ఎవరు తెచ్చారో నేను అడగలేదు. మోచేతులదాకా రుద్దుకున్నాను. ఈషా పరిగెత్తుకొచ్చి పక్కన నిలబడి, "నోఖ్‌మాల్, తాతా! వేళ్ళ మధ్యలో కూడా!" అని కీటాలో నేర్చుకున్నట్టు చూపించింది. మళ్ళీ రుద్దుకున్నాను.

లోపలికి రాగానే భావన పెరుగన్నం గిన్నె నా ముందు పెట్టింది. నేను చెంచా కోసం వెతికాను.

"చెంచా ఎందుకు?" అంది.

ఈషా నోరు తెరిచింది.